చీము పట్టిన పన్ను, చాలీచాలని డబ్బు: పీకించాలా, ఉంచుకోవాలా, ఎక్కడికి వెళ్ళాలి?

మా వైపు పంటి నొప్పికి ఒక వరస ఉంది. మొదటి రోజు లవంగం నొక్కిపెడతారు. రెండో రోజు మెడికల్ షాపుకెళ్ళి "పంటి నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి రెండు రకాల బిళ్ళలు తెచ్చుకుంటారు. నాలుగో రోజు ఆర్ఎంపీ గారి ఇంజక్షను. ఈలోపు ఇంటికొచ్చిన ప్రతి మనిషీ "వాపు ఉండగా పన్ను ముట్టుకోకూడదురా, తగ్గాక చూసుకో" అని చెప్పి వెళ్తాడు. వాపు తగ్గుతుంది. తగ్గాక ఇంక చూసుకునేదేముంది, పనుల్లో పడిపోతాం. రెండు నెలలకు బుగ్గ మళ్ళీ బూరెలా పొంగుతుంది.

నేను ఈ వరసలో మూడుసార్లు తిరిగాను. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. కొబ్బరికాయల లెక్కలు రాసే పని నాది. కింద దవడ పన్ను ఒకటి పుచ్చింది. బిళ్ళలకూ ఇంజక్షన్లకూ విడతలవారీగా రెండు వేలు దాటింది. తర్వాత 3,500 పెట్టి రూట్ కెనాల్, అంటే పన్ను పీకకుండా లోపలి కుళ్ళు తీసి మూసేయడం, చేయించుకున్నాను. పన్ను మీద తొడిగే క్యాప్‌కి ఇంకో 2,500 అన్నారు. "కొబ్బరి దింపు డబ్బులు రాగానే వేయించుకుంటాను" అన్నాను. దింపు డబ్బులు వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. ఏడాది దాటాక ఒక రోజు జంతిక కొరికితే పన్ను నిలువునా చీలింది. చివరికి 600 ఇచ్చి పీకించుకున్నాను. మొదటి రోజే పీకించుకుని ఉంటే ఆ 600తోనే అయిపోయేది. లేదా మొదట్లోనే 6,000 సమకూర్చుకుని ఉంటే పన్ను ఇప్పటికీ నోట్లో ఉండేది. నేను రెండూ చెయ్యకుండా రెండు ఖర్చులూ పెట్టాను.

అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఈ దారుల్లో తిరిగినవాణ్ణి, తర్వాత పళ్ళ డాక్టర్లను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నవాణ్ణి. పైన చెప్పిన అంకెలు నేను కట్టినవి. మీ ఊళ్ళో వేరేగా ఉంటాయి. మొత్తమ్మీద పన్ను పీకడం వందల్లో, రూట్ కెనాల్, క్యాప్ వేలల్లో, దవడ ఎముకలో బిగించే కొత్త పన్ను (ఇంప్లాంట్) పదుల వేలల్లో పోతుందని గుర్తుపెట్టుకుంటే ఈ పోలికకు చాలు.

పోలికలు పక్కన పెట్టాల్సిన సమయం

కొన్ని గుర్తులు కనిపిస్తే ఏది చవక, ఎక్కడ చవక అని ఆలోచించకూడదు. దవడ కిందా మెడ పైభాగంలోనూ వాపు గట్టిగా చెక్కలా ఉండటం. నాలుక కింద ఉబ్బి నాలుక పైకి లేచినట్టుండటం. ఉమ్ము కూడా మింగలేక నోట్లోంచి కారిపోవడం. గొంతు మారి ముద్దముద్దగా మాట రావడం. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోకపోవడం. పై పన్ను అయితే వాపు కంటి దాకా పాకి రెప్ప మూసుకుపోవడం. చలితో జ్వరం, మగత. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటే చెప్పేదేముంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, ఏది దగ్గరైతే అది. రాత్రి అయినా సరే, "తెల్లారాక చూద్దాం" అనొద్దు.

కింద దవడ చివరి పళ్ళ వేళ్ళు నాలుక కింద ఉండే ఖాళీకి చాలా దగ్గరగా ఉంటాయి. అక్కడి చీము పైకి దారి దొరక్కపోతే లోపలికి, మెడలోకి దిగుతుంది. దీన్ని డాక్టర్లు లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. పేరులో ఆంజైనా ఉంది కానీ గుండెకు సంబంధం లేదు. గొంతు చుట్టూ వాచి గాలి దారి మూసుకుపోవడమే దీంతో ప్రమాదం.

మా మావయ్యకు అదే జరిగింది. సుగర్ మనిషి. కింద పన్ను నొప్పికి వారం రోజులు ఊళ్ళోనే ఇంజక్షన్లు చేయించుకున్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం టీ గుటక దిగలేదు. అత్తయ్య భయపడి ఫోన్ చేస్తే మేం అమలాపురం మీదుగా, ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీంచి కాకినాడ పట్టుకెళ్ళాం. మెడ దగ్గర కోసి చీము తీశారు, పన్నూ తీసేశారు. తొమ్మిది రోజులున్నాడు. ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు తీసుకోలేదు. కానీ ఇద్దరు మనుషులం తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాం, రొయ్యల చెరువు దగ్గర పని ఆగింది. ఆ లెక్క ఏ బిల్లులోనూ కనపడదు.

సుగర్ ఉన్నవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. చీము ఉంటే సుగర్ పెరుగుతుంది, సుగర్ పెరిగితే చీము తగ్గదు. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటాయి. మిగతావాళ్ళు రెండు రోజులు ఓర్చుకునే వాపుని మీరు రెండు రోజులు ఓర్చుకోకూడదు.

బిళ్ళలతో సరిపెట్టుకోవచ్చా?

అన్నిటికంటే చవకగా కనిపించేది ఇదే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

పుచ్చు లోతుకు దిగి పంటి లోపలి నరాన్ని చంపేస్తుంది. చచ్చిపోయిన ఆ భాగంలో రక్తం పారదు. మనం మింగిన యాంటీబయాటిక్ రక్తంలో కలిసే కదా శరీరమంతా తిరిగేది. రక్తం పోనిచోటికి మందూ పోదు. కాబట్టి బిళ్ళ పంటి చుట్టూ దవడలోకి పాకిన చీమును అదుపు చేస్తుంది కానీ పంటి లోపలి పుట్టను ముట్టుకోదు. కోర్సు అయిపోయాక పుట్టలోంచి మళ్ళీ మొదలు. బిళ్ళ వైద్యం కాదు, వాయిదా. వాయిదా కూడా ఒక్కోసారి అవసరమే. గోదారి పొంగి ఏరు దాటించే పంటు ఆగిపోయినప్పుడు, పండగకు డాక్టరు లేనప్పుడు నాలుగు రోజులు గడవాలి కదా. కానీ వాయిదాకి వాయిదా అని తెలిసి ఉండాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు జ్వరం, వాపు లేకుండా ఉత్త నొప్పే ఉంటే, పంటికి చేయాల్సిన పని వెంటనే చేయించుకోగలిగితే, చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కర్లేదు. అమెరికా దంత వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచన కూడా ఇదే. వాపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అప్పుడు కావాలి. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి. పెన్సిలిన్ రకం మందులు పడనివాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. మెట్రోనిడజోల్ రాస్తే ఆ రోజుల్లో మందు ముట్టకూడదు. ఏ మందో మీకు తెలుసు. ఇంట్లో మిగిలిపోయిన పాత బిళ్ళలు, అబ్బాయి జ్వరానికి తెచ్చిన సిరప్పు, ఇవేవీ వద్దు.

నొప్పికి మాత్రం యాంటీబయాటిక్ కంటే మామూలు నొప్పి బిళ్ళే బాగా పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ రెండూ కలిపి అన్నం తిన్నాక వేసుకుంటే పంటి నొప్పికి గట్టి ఆసరా. ఇక్కడో చిక్కు ఉంది. కాంబిఫ్లామ్ లాంటి బిళ్ళల్లో ఆ రెండూ ముందే కలిపి ఉంటాయి. దానిమీద మళ్ళీ డోలో వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలవుతుంది. రోజు మొత్తం మీద ఎంత పడుతోందో లెక్క చూసుకోండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. వానాకాలంలో జ్వరం కూడా ఉండి అది డెంగీ ఏమో అన్న అనుమానం ఉంటే అప్పుడూ వద్దు.

లవంగ నూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతవరకే. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే మంచిదే. బుగ్గ మీద వేడి కాపడం వద్దు. ఆస్పిరిన్ బిళ్ళ చిగురు మీద పెట్టుకుంటే చిగురు కాలి పుండవుతుంది. మా నాయనమ్మ గుడాకు (పొగాకు ముద్ద) పెట్టేది, అది సరేసరి.

ఇంకో మోసం ఉంది. పది రోజులు చంపుకుతిన్న నొప్పి ఒక ఉదయం చెయ్యితో తీసేసినట్టు పోతుంది. దేవుడు కరుణించాడనుకుంటాం. కానీ అది నరం పూర్తిగా చచ్చిపోవడం. చిగురు మీద పొక్కు లేచి, చితికి, నోట్లో ఉప్పగా ఏదో తగిలి హాయిగా అనిపించడమూ అంతే. చీము బయటికి దారి చేసుకుంది, పుట్ట అక్కడే ఉంది. నొప్పి లేని ఆ రోజులే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి అసలైన సమయం. ఆ రోజుల్లోనే మనం వెళ్ళం.

పీకించాలా, రూట్ కెనాల్ చేయించాలా

నిజానికి చీము పోవడానికి దారులు రెండే. పన్నునే తీసేయడం, లేదా పంటి లోపలి కుళ్ళును తీసి శుభ్రం చేసి మూసేయడం. చీము బాగా పోగైతే చిగురు కోసి బయటికి తీస్తారు కానీ అది ఈ రెంటిలో ఒకదానికి తొలిమెట్టే.

చాలామంది డబ్బొక్కటే చూసి తేలుస్తారు. నా లెక్కలో ముందు అడగాల్సింది వేరు: అది ఏ పన్ను?

జ్ఞానదంతమైతే చర్చ లేదు, సాధారణంగా పీకించేయడమే. దానికి రూట్ కెనాల్ అని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ని అడగండి. ముందు పన్ను అయితే నా ఓటు ఉంచుకోవడానికే. ముందు పళ్ళకు సాధారణంగా ఒకటే వేరు, ఒకటే కాలువ. పని తొందరగా అవుతుంది, దవడ పంటికంటే తక్కువకే చేస్తారు. పన్ను పెద్దగా విరగకుండా ఉంటే క్యాప్ లేకుండా ఫిల్లింగుతోనే నడిచిపోవచ్చు. పీకించేస్తే మాత్రం నవ్వలేం, ఆ సందు మూయించడానికి అయ్యే ఖర్చు రూట్ కెనాల్‌ని మించుతుంది.

తకరారంతా దవడ పళ్ళతోనే. ముఖ్యంగా ఆరేడేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను. నమలడంలో పెద్ద పని దానిదే, తొందరగా పుచ్చేదీ అదే. దానికి మూడు నాలుగు కాలువలుంటాయి, రెండు మూడుసార్లు తిరగాలి. పైగా లోపల తొలిచిన పన్ను పెళుసుబారుతుంది. క్యాప్ లేకపోతే ఏదో ఒక రోజు నా పన్నులాగే చీలుతుంది. అందుకే దవడ పంటికి రూట్ కెనాల్ ధర అడిగినప్పుడు క్యాప్ ధర కలిపి అడగాలి. ఆ రెండూ ఒకే ఖర్చు. క్యాప్‌కి డబ్బులు ఎప్పుడొస్తాయో తేదీతో సహా చెప్పలేకపోతే పీకించుకోవడమే నయం. ఈ మాట కొందరు డాక్టర్లకు నచ్చదు. నేను మాత్రం ఒకసారి కాలినవాణ్ణి.

క్యాప్‌లోనూ మెట్లున్నాయి. స్టీలు రంగు లోహం క్యాప్ అన్నిటికంటే చవక, దవడ పంటికి అన్నిటికంటే గట్టి వాటిలో ఒకటి. లోహం మీద పింగాణీ వేసినది మధ్యరకం. జిర్కోనియా ఖరీదు. వెనక దవడ పన్ను ఎవరు చూస్తారండీ? మా బావ అక్కడ కూడా తెల్లగానే ఉండాలని జిర్కోనియా వేయించుకున్నాడు. ఆయన రొయ్యల చెరువుకి ఆ ఏడాది రాబడి బాగా వచ్చింది లెండి.

రెండో ప్రశ్న, పన్ను ఎంత మిగిలింది? చిగురు పైన గోడలే లేకపోతే, వేరు చీలి ఉంటే, పన్ను కదులుతూ ఉంటే రూట్ కెనాల్‌కి పెట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే. "ఈ పన్ను ఎన్నేళ్ళు నిలుస్తుందంటారు?" అని మొహమాటం లేకుండా అడగండి. మంచి డాక్టరైతే ఎక్స్‌రే చూపించి చెబుతారు.

మూడోది, పీకించాక ఏంటి? పక్క పళ్ళు ఏళ్ళ మీద ఆ సందులోకి ఒరుగుతాయి, ఎదుటి దవడ పన్ను మెల్లగా దిగుతుంది. ఇది నిజమే. అలా అని పన్ను పీకించిన వెంటనే బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో కట్టే పన్ను) కట్టించకపోతే కొంప మునగదు. వెనక దవడ పన్ను ఒకటి లేకుండా లక్షణంగా బతుకుతున్నవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది. తర్వాత వీలైనప్పుడు తీసి పెట్టుకునే పన్ను చవకలో వస్తుంది. బ్రిడ్జి కావాలంటే ఇటూ అటూ ఉన్న బాగున్న పళ్ళను అరగదీయాలి, అది నాకు మనసొప్పలేదు. ఇంప్లాంట్ ఈ బడ్జెట్ మాట కాదు. కాకపోతే పీకించిన పన్ను రేపు తిరిగి రాదు, రూట్ కెనాల్ చేసిన పన్నును ఎప్పుడైనా పీకించుకోవచ్చు. వయసులో ఉన్నవాళ్ళు, నోట్లో ఇప్పటికే రెండు మూడు పళ్ళు పోయినవాళ్ళు అప్పు చేసైనా ఉంచుకోవడం న్యాయం.

ఇక రెండు భయాలు. "పై పన్ను పీకితే చూపు పోతుంది" అని ఇప్పటికీ అంటారు. పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. పై పంటి చీముని వదిలేస్తేనే అది కంటి వైపు పాకే ప్రమాదం ఉంది. రెండోది "వాపు ఉండగా పీకకూడదు" అన్నది. చీము ఉన్నచోట మత్తు ఇంజక్షను సరిగ్గా ఎక్కదు, నోరు సరిగ్గా తెరుచుకోదు. అందుకని ఒక్కోసారి డాక్టరే రెండు రోజులు ఆగమంటారు. అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట. మత్తు ఎక్కి నోరు తెరుచుకుంటే వాపు ఉండగానే పీకుతారు. పీకడంతోనే చీముకి దారి దొరుకుతుంది. పక్కింటివాళ్ళ మాట విని ఇంట్లో కూర్చోవద్దు.

డబ్బు వచ్చేదాకా ఒక మధ్య దారి

నాకు ఈ సంగతి అప్పుడు తెలియదు, తెలిసి ఉంటే బాగుండేది. రూట్ కెనాల్‌లో మొదటి పని పన్నుకు పైనుంచి రంధ్రం చేసి లోపలి కుళ్ళును తీసేయడం. నొప్పి చాలావరకు అక్కడే పోతుంది. లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసేసి పంపుతారు. ఈ ఒక్క విడతకు అయ్యేది మొత్తం ఖర్చులో కొంతే. "ఇవాళ ఇంతవరకు చేయండి, ధాన్యం డబ్బులు పడ్డాక మిగతాది చేయించుకుంటాను" అని అడగొచ్చు. చాలామంది ఒప్పుకుంటారు.

దీని గడువు వారాలే, నెలలు కాదు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంట్ అరిగిపోతే ఉమ్ము లోపలికి దిగి కథ మొదటికొస్తుంది. దాళ్వా (రబీ) కోతకు నెల ఉందనగా ఇలా చేయించుకోవడం తెలివి. సార్వా (ఖరీఫ్) నాట్లప్పుడు చేయించుకుని కోతల దాకా లాగుదామనుకోవడం తెలివి కాదు.

పిల్లల పాలపళ్ళకు మాత్రం ఈ లెక్కలన్నీ వేరు. "ఎలాగూ ఊడేవే కదా" అని వదిలేస్తే కింద పెరుగుతున్న అసలు పన్నుకు దెబ్బ. పెద్దల బిళ్ళ విరిచి వేయడం అసలే వద్దు.

ఎక్కడికి వెళ్ళాలి

సర్కారు ఆసుపత్రిలో పన్ను పీకడం, మందులు ఉచితం. ఏరియా ఆసుపత్రుల్లో, కొన్ని సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) పళ్ళ డాక్టరు ఉంటారు. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోవాలి. పీకించుకోవాలని నిర్ణయించుకున్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. రూట్ కెనాల్ చేస్తారా అన్నది ఆ ఆసుపత్రిలో ఉన్న సామాన్ల మీద ఆధారపడుతుంది, వెళ్ళేముందే కనుక్కోవాలి.

పన్ను ఉంచుకోవాలి, డబ్బు తక్కువ ఉంది అంటే డెంటల్ కాలేజీ. మన డెల్టా చుట్టూ ఇవి బాగానే ఉన్నాయి. భీమవరంలో విష్ణు, రాజానగరం వైపు జీఎస్ఎల్, లెనోరా, ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. చేసేది విద్యార్థులో హౌస్ సర్జన్లో అయినా పక్కన ప్రొఫెసర్లు ఉండి ప్రతి మెట్టూ చూస్తారు. "మన నోట్లో నేర్చుకుంటారు" అని మా అమ్మ భయపడింది. నేను చూసినంతలో వాళ్ళకు తొందర ఉండదు. ఊళ్ళో క్లినిక్కులో ముప్పావుగంటలో అయ్యేది అక్కడ రెండున్నర గంటలు పడుతుంది, కానీ ఎక్స్‌రే మీద ఎక్స్‌రే తీసి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటారు. ఫీజు క్లినిక్కు కంటే బాగా తక్కువ.

ఆ తక్కువలోంచి తీసేయాల్సినవి ఉన్నాయి. నాలుగైదుసార్లు వెళ్ళాలి. రోజు కూలీకి వెళ్ళేవాళ్ళకు అది నాలుగైదు రోజుల కూలి. రాజోలు వైపునుంచి భీమవరం వెళ్ళాలంటే చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా పోవాలి, పూట పోతుంది. సఖినేటిపల్లి వాళ్ళు నరసాపురం పంటు మీద దాటుతారు, వరదొస్తే అదీ ఉండదు. ఈ ఖర్చులు కాగితం మీద వేసుకుంటే కొందరికి ఊళ్ళో క్లినిక్కే చవకగా తేలుతుంది. నాట్లు, కోతల రోజుల్లో ఇంకా తేడా వస్తుంది. ఆడవాళ్ళకు మాత్రం లెక్క మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. మా చెల్లి ఆధార్ కార్డు చూపించి భీమవరం నాలుగుసార్లు తిరిగి దవడ పన్ను నిలబెట్టుకుంది. ఆమెకు దారి ఖర్చు ఆటోలదే.

ప్రైవేటు క్లినిక్కుల్లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ, ఒకే ఊళ్ళో రెండు వీధులకీ ధరల్లో తేడా ఉంటుంది. ఇద్దరి దగ్గర అడగడం తప్పేం కాదు. అడిగేటప్పుడు "రూట్ కెనాల్ ఎంత?" అనకండి. "ఎక్స్‌రే, రూట్ కెనాల్, పైన ఫిల్లింగు, లోహం క్యాప్, అన్నీ కలిపి ఎంత, ఎన్నిసార్లు రావాలి, విడతలుగా కట్టొచ్చా?" అని అడగండి. జవాబు చీటీ మీద రాయించుకోండి. "నా దగ్గర ఇంతే ఉందండి" అని ముందే చెప్పేయడంలో చిన్నతనమేమీ లేదు. నేను సిగ్గుపడి చెప్పలేదు, అందుకే క్యాప్ మాట చివర్లో తెలిసింది.

వెళ్ళకూడని చోట్లు కూడా చెప్పాలి. డిగ్రీ లేకుండా బజారులో పళ్ళు కట్టేవాళ్ళు వందల్లోనే పన్ను పెట్టేస్తారు. కుళ్ళిన వేరు లోపల ఉండగానే దాని మీద ప్లాస్టిక్ పన్ను అతికించి పక్క పళ్ళకు బిగిస్తారు. అది తీయించడానికీ దాని కింద పాడైన రెండు పళ్ళకీ అయ్యే ఖర్చు తర్వాత తెలుస్తుంది. ఆర్ఎంపీ గారు ఊరికి ఆపద్బాంధవుడే, కాదనను. కానీ పన్ను ఆయన పని కాదు.

ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డు గురించి అందరూ అడుగుతారు. మామూలుగా పన్ను పీకించడం, రూట్ కెనాల్, క్యాప్ అందులో అవుతాయని నమ్ముకుని ఆగొద్దు. చీము మెడలోకి దిగి ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ దాకా వస్తే మాత్రం కార్డు వెంట పెట్టుకెళ్ళి, అక్కడ కౌంటర్లో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగాలి.

ఎక్కడికి వెళ్ళినా మీరు వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. గుండెకు రక్తం పలచబడే బిళ్ళ వాడుతుంటే పన్ను పీకించుకోవడానికని మీ అంతట మీరు ఆపేయొద్దు, డాక్టరుకు చెప్పండి చాలు. గర్భిణి అయితే ఆ మాట మొదటే చెప్పాలి. చీముని కాన్పు దాకా మోయాల్సిన పనిలేదు, ఆ స్థితిలో చేయదగ్గ వైద్యం ఉంది.

పీకించుకున్నాక

డాక్టరు పెట్టిన దూదిని అరగంట పైన గట్టిగా కొరికి పట్టుకోవాలి. మాటిమాటికీ ఉమ్మకూడదు, ఆ రోజంతా పుక్కిలించకూడదు. గుంటలో గడ్డకట్టే రక్తమే మందు. అది ఊడిపోతే మూడో రోజుకి చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది, అప్పుడు మళ్ళీ వెళ్ళి డ్రెస్సింగ్ చేయించుకోవాలి. చుట్ట, సిగరెట్టు ఆపాలి. గంజి, పెరుగన్నం చల్లారాక తినాలి. మా కోనసీమ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. బొండాం తాగండి, మంచిదే. కానీ స్ట్రా పెట్టి పీల్చకండి, ఆ పీల్పుకే గడ్డ ఊడొస్తుంది. గ్లాసులో వంపుకుని తాగండి.

నాకిప్పుడు పై దవడలో ఇంకో పన్నుకి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. ఇంకా నరం దాకా పోలేదట, ఫిల్లింగుతో సరిపోతుందట. సోమవారం ఏరియా ఆసుపత్రికి పోతున్నాను. దింపు డబ్బులు రావడానికి ఇంకా ఇరవై రోజులుంది.